కిలోగ్రాము బరువెంత?

ఈ ప్రశ్న చదవగానే మీలో చాలామంది నవ్వుకుని ఉంటారు. "కిలోగ్రాము బరువు కిలోగ్రామే కదా, ఇందులో అడగడానికి ఏముంది?" అనుకుని ఉంటారు. నవ్వండి, తప్పులేదు. కాని ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేక ప్రపంచంలోని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దాలపాటు తల పట్టుకుని కూర్చున్నారంటే నమ్ముతారా?

(ఇక్కడ 'బరువు' అనే మాటను కొట్టులో వాడే అర్థంలోనే వాడుతున్నాను. పరీక్షలో మాత్రం మీరు ద్రవ్యరాశి అనే రాయాలి. భారాన్ని న్యూటన్లలో చెప్పాలని మీకు తెలుసు.)

మీ వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్లి కిలో కందిపప్పు తెచ్చారనుకోండి. త్రాసు ఒక పళ్లెంలో కొట్టువాడు ఒక ఇనుప తూకపు రాయి వేశాడు. అది నిజంగా కిలో అని మీకెలా తెలుసు? ఈసారి ఆ రాయిని తిరగేసి చూడండి. ఒకచోట చిన్న గుంట, అందులో సీసం నింపి, ఆ సీసం మీద వేసిన ముద్ర కనిపిస్తాయి. తూనికలు, కొలతల శాఖవారు తమ దగ్గర ఉన్న ప్రమాణపు రాయితో దాన్ని పోల్చి చూసి ఆ ముద్ర వేస్తారు. ఇప్పుడు చాలా కొట్లలో అంకెలు చూపే ఎలక్ట్రానిక్ త్రాసులు వచ్చాయి. వాటినీ ఇలాంటి రాళ్లు పెట్టే సరిచూస్తారు.

మరి శాఖవారి రాయి సరైనదని ఎవరు చెప్పారు? దాన్ని అంతకంటే మేలైన మరో రాయితో పోల్చారు. దాన్ని ఇంకో దానితో. ఇలా పోగా పోగా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చేరుకుంటాం. అక్కడ ప్లాటినం, ఇరిడియం కలిపిన మిశ్రమలోహంతో చేసిన ఒక చిన్న స్థూపం ఉంది. దాని నెంబరు 57. అది మన దేశపు కిలోగ్రాము. మరి దాన్ని దేనితో పోల్చారు? పారిస్ నగరం పక్కన సేవ్ర్ అనే ఊళ్లో, భూగర్భపు గదిలో, గాజు బుడ్ల కింద ఉన్న మరో స్థూపంతో. ఆ గది తెరవాలంటే మూడు తాళం చెవులు కావాలి. అవి ముగ్గురి దగ్గర ఉంటాయి.

గొలుసు అక్కడ ఆగిపోయింది. 1889 నుంచి 2019 మే 20 వరకూ ప్రపంచంలో కిలోగ్రాము అంటే ఆ స్థూపమే. ఇప్పుడు మొదటి ప్రశ్నే మళ్లీ అడుగుతాను. ఆ స్థూపం బరువెంత? దాన్ని దేనితో తూచాలి?

ఇప్పుడు నవ్వు కొంచెం తగ్గి ఉంటుంది! దీనికి సమాధానం కావాలంటే ముందు వేరే సంగతి ఒకటి తేల్చుకోవాలి.

వేలు పెట్టి చూపగలమా?

"బల్ల అంటే ఏమిటి?" అని పసిపిల్లవాడు అడిగితే మీరేం చేస్తారు? నిర్వచనం చెప్పరు. వేలు పెట్టి చూపిస్తారు. చెంబు, చెట్టు, చందమామ, అన్నీ అంతే. అవి వస్తువులు. మనం పేరు పెట్టినా పెట్టకపోయినా అవి అక్కడ ఉంటాయి.

"త్వరణం అంటే ఏమిటి?" అని అడిగితే? పరుగెత్తే బస్సును చూపించవచ్చు. కాని బస్సు త్వరణం కాదు. దాని వేగం కాలంతోపాటు ఎలా మారుతున్నదో చెప్పడానికి మనం ఏర్పరచుకున్న భావన త్వరణం. భావనను చూపించలేం, నిర్వచించాలి. మీ పాఠ్యపుస్తకంలో నల్లని అక్షరాలలో ఉండే మాటలు చూడండి. బలం, పని, శక్తి, సాంద్రత, ఉష్ణోగ్రత, నిరోధం. వీటిలో ఒక్కటైనా గంప కింద పెట్టి మూయగలిగేది ఉందా?

నల్లబల్ల మీద సుద్దముక్కతో చుక్క పెట్టి "ఇది బిందువు" అంటాం. భూతద్దం పెట్టి చూస్తే అది సుద్దపొడి కుప్ప. దానికి పొడవుంది, వెడల్పుంది, మందం కూడా ఉంది. రేఖాగణితంలోని బిందువుకు ఇవేవీ ఉండవు. సుద్దచుక్క వస్తువు, బిందువు భావన. చుక్క బిందువును గుర్తుచేస్తుంది, అంతే. ఓడలో భూమధ్యరేఖను దాటేవాళ్లకు నీళ్లమీద ఏ గీతా కనిపించదు. ఎందుకు కనిపించదో ఇక మీకు వేరే చెప్పనక్కరలేదు.

చూపించలేనిది కాబట్టి భావన వట్టి కల్పన అని మాత్రం అనుకోవద్దు. ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. దళసరి అట్టను కంకణం ఆకారంలో కత్తిరించండి. మధ్య ఖాళీకి అడ్డంగా పలుచని కాగితం అంటించండి. కంకణం అంచు దగ్గర చిన్న రంధ్రం చేసి, గుండుసూది గుచ్చి, గోడకు వేలాడదీయండి. అదే సూదికి చిన్న రాయి కట్టిన దారం వేలాడదీసి, దారం వెంబడి గీత గీయండి. మరోచోట రంధ్రం చేసి మళ్లీ అలాగే గీయండి. రెండు గీతలూ ఎక్కడ ఖండించుకున్నాయి? మధ్యలోని పలుచని కాగితం మీద. ఆ కాగితం తీసేస్తే అక్కడ ఉండేది ఖాళీ. కంకణం గరిమనాభి ఆ ఖాళీలో ఉంది! అక్కడ అట్ట లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు. అయినా అది ఇంకోచోట ఉంటే బాగుండునని మనం అనుకున్నంత మాత్రాన జరగదు. గడ్డి ఎత్తుగా వేసిన బండి మలుపులో బోల్తాపడేది ఈ "లేని" బిందువు స్థానం మారినందువల్లనే. గరిమనాభి అనే మాటకు అర్థం ఇచ్చింది మనం. అది ఎక్కడ ఉండాలో నిర్ణయించింది మాత్రం మనం కాదు. ఈ తేడాను గుర్తుంచుకోండి, దీనితో ముందు ముందు పని ఉంది.

ఆవును నిర్వచించిన పండితుడు

నిర్వచనం మంచిదో చెడ్డదో ఎలా తేల్చాలి? దీనికి మన దేశంలోని తర్కశాస్త్రంలో చక్కని పరీక్ష ఒకటి ఉంది. 17వ శతాబ్దిలో అన్నంభట్టు అనే పండితుడు 'తర్కసంగ్రహం' అనే చిన్న సంస్కృత గ్రంథం రాశాడు. ఆయన ఆంధ్రుడని పండితులు చెబుతారు. బాలలకు సుఖంగా తర్కం వంటబట్టాలని రాసిన పుస్తకం అది. ఇప్పటికీ సంస్కృత పాఠశాలల్లో తర్కం దానితోనే మొదలుపెడతారు. దానికి ఆయనే 'దీపిక' అనే వ్యాఖ్య కూడా రాసుకున్నాడు. ఆ దీపికలో నిర్వచనానికి ఉండే మూడు దోషాలను ఒక్క ఆవుతో చూపించాడు.

ఆవు అంటే కపిల వర్ణం గలది, అనగా ఎర్రావు అన్నామనుకోండి. తెల్లావుల సంగతి? అవి బయట ఉండిపోయాయి. నిర్వచనం అందాల్సినంత మేర అందలేదు. ఇది అవ్యాప్తి. పోనీ, కొమ్ములున్నది ఆవు అందాం. గేదెలూ మేకలూ కూడా లోపలికి వచ్చేశాయి. హద్దు దాటి పాకింది కాబట్టి అతివ్యాప్తి. చీలని ఒంటి గిట్ట గలది ఆవు అంటే? ఆవులన్నింటికీ గిట్టలు చీలే ఉంటాయి. ఈ నిర్వచనం ఒక్క ఆవుకూ వర్తించదు. ఇది అసంభవం. చివరకు తార్కికులు పట్టుకున్న గుర్తు మెడ కింద వేలాడే గంగడోలు.

ఈ పరీక్ష మీ జవాబు పత్రాలకు పెట్టి చూడండి. "లోహం అంటే గట్టిగా ఉండే ఘనపదార్థం" అని ఏటా కొందరైనా రాస్తారు. పాదరసం లోహమే, గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవం. కనుక అవ్యాప్తి. వజ్రం చాలా గట్టి ఘనపదార్థం, లోహం కాదు. కనుక అతివ్యాప్తి కూడా. ఒక్క వాక్యంలో రెండు దోషాలు! "పని అంటే ఒళ్లు అలిసేది" అన్నవాళ్లు, నెత్తిన గంప పెట్టుకుని కదలకుండా నిలబడ్డ మనిషిని తలుచుకోండి. ఆమె ఒళ్లు అలిసిపోతుంది. కాని గంప కదల్లేదు. భౌతికశాస్త్రం లెక్కలో గంపమీద జరిగిన పని సున్న. "బలం అంటే నెట్టేది" అన్నవాళ్లు సంగతి మీరే తేల్చండి.

ఇంకొక ముచ్చట. మనం 'పదార్థం' అనగానే ఇనుమో ఉప్పో గుర్తుకొస్తుంది. అన్నంభట్టుకు పదార్థం అంటే పదానికి అర్థం, అంటే మాటతో చెప్పదగిన ఏదైనా సరే. ఆయన లెక్కలో పదార్థాలు ఏడు. ద్రవ్యం ఒక పదార్థం, గుణం మరొకటి, కర్మ, అంటే చలనం, ఇంకొకటి. ఏమీ లేకపోవడం కూడా ఒక పదార్థమే, దాని పేరు అభావం. అంటే గోళీ ఒక రకం, గోళీ ఎరుపు మరో రకం, అది దొర్లడం ఇంకో రకం. మూడింటినీ ఒకే గాటికి కట్టకూడదు. వస్తువునూ దాన్ని గురించిన భావననూ కలిపేస్తే చిక్కులు వస్తాయని మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు.

ఆవుకూ కిలోగ్రాముకూ తేడా

ఆవు విషయంలో ముందు ఆవు ఉంది, తరువాత నిర్వచనం వచ్చింది. నిర్వచనానికీ ఆవుకూ పొత్తు కుదరకపోతే ఏది మార్చుకోవాలి? నిర్వచనాన్నే. తెల్లావు దగ్గరకు వెళ్లి "నువ్వు ఆవువు కావు" అనలేం కదా!

కిలోగ్రాముకు అలా కాదు. మనిషి నిర్ణయించక ముందు ప్రకృతిలో కిలోగ్రాము అనేది లేదు. మన పెద్దలు వీశెలలో, మణుగులలో తూచారు. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు 1.4 కిలోగ్రాములు. ఆ రోజుల్లో కందిపప్పు ఏమన్నా తక్కువ రుచిగా ఉండేదా? కిలోగ్రాము విషయంలో ముందు నిర్వచనం, తరువాతే వస్తువు. ఇక్కడ పొత్తు కుదరకపోతే తప్పు వస్తువుది.

ఈ రెండింటి మధ్య తికమకపడ్డ సందర్భం మీరు వినే ఉంటారు. 1930లో క్లైడ్ టాంబో కనిపెట్టిన ప్లూటో చాలాకాలం తొమ్మిదో గ్రహం. 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం 'గ్రహం' అనే మాటకు నిర్వచనం ఏర్పరచింది. సూర్యుని చుట్టూ తిరగాలి, తన గురుత్వం వల్ల దాదాపు గుండ్రంగా ఉండాలి, తన కక్ష్య పరిసరాలను ఖాళీ చేసుకుని ఉండాలి. మూడోది ప్లూటోకు కుదరలేదు. మరుగుజ్జు గ్రహం అన్నారు. "పాపం, ప్లూటో ఏం తప్పు చేసింది?" అని చాలామంది పిల్లలు బాధపడ్డారు. ప్లూటోకు ఏమీ కాలేదు. దాని మీది ఒక్క మంచుగడ్డ కూడా కదల్లేదు. అదే సంవత్సరం జనవరిలో దాని వైపు బయలుదేరిన న్యూ హొరైజన్స్ నౌక, దారిలో ఉండగా గమ్యం పేరు మారింది గాని దారి మారలేదు. 2015 జూలైలో లెక్క ప్రకారం అక్కడికి చేరింది. వస్తువు ఉన్నచోటే ఉంది. దాన్ని ఏ గంపలో వెయ్యాలన్న మన భావన మారింది.

మూర నుంచి ప్లాటినం కడ్డీ దాకా

ఇక మన స్థూపం దగ్గరకు వద్దాం.

పూలమ్మే ఆమె మల్లెపూలు మూరల్లో కొలుస్తుంది. మోచేతి నుంచి మధ్యవేలి కొస వరకూ ఒక మూర. ఎవరి మూర? ఆమెదే. పొడుగాటి చేతులున్న ఆమె దగ్గర కొంటే మీకు లాభం. ఆమె చెయ్యి ఒక వస్తువు, 'మూర' ఒక భావన. బేరం కుదిరేది ఈ రెండూ ఒకటే అని ఇద్దరూ ఒప్పుకున్నందువల్ల. పూలకు ఇది చాలు. భూములకు, బంగారానికి చాలదు.

ఫ్రాన్సులో విప్లవం వచ్చాక అక్కడి శాస్త్రజ్ఞులు "ఏ రాజు చెయ్యీ, ఏ ఊరి కుంచం మనకు వద్దు. అందరిదీ అయిన భూమినే కొలబద్దగా పెట్టుకుందాం" అన్నారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు ఉన్న దూరంలో కోటో వంతు ఒక మీటరు అని 1791లో నిర్ణయించారు. డెలాంబ్ర్, మెషైన్ అనే ఇద్దరు 1792లో బయలుదేరి, డంకర్క్ నుంచి బార్సిలోనా దాకా కొలుచుకుంటూ పోయారు. యుద్ధాలు, అరెస్టులు, అనుమానాల మధ్య ఆ పని పూర్తికావడానికి ఆరేళ్లకు పైగా పట్టింది. 1799లో ఆ కొలత ప్రకారం ప్లాటినం కడ్డీ తయారైంది. ఘనడెసిమీటరు, అంటే ఒక లీటరు నీటి ద్రవ్యరాశిని కిలోగ్రాము అని, దానికీ ఒక ప్లాటినం స్థూపం తయారుచేశారు.

చిత్రమేమిటంటే, ఆ కడ్డీ అనుకున్నదానికంటే దాదాపు 0.2 మిల్లీమీటరు పొట్టిదని తరువాత తేలింది. భూమి ధ్రువాల దగ్గర ఎంత నొక్కుకుపోయి ఉందో వాళ్ల లెక్కలో సరిగా కుదరలేదు. అప్పుడేం చేశారు? కడ్డీని మార్చలేదు! అప్పటికే ఎందరో దాని నకళ్లు వాడుతున్నారు. "మీటరు అంటే భూమిలో కోటో వంతు" అన్న మాట వదిలేసి "మీటరు అంటే ఈ కడ్డీ పొడవు" అన్నారు. అంటే భూమి అనే పెద్ద వస్తువును వదిలి కడ్డీ అనే చిన్న వస్తువును పట్టుకున్నారు.

1875 మే 20న పదిహేడు దేశాలు మీటరు ఒడంబడిక చేసుకున్నాయి. 1889లో కొత్త కడ్డీ, కొత్త స్థూపం ప్రమాణాలయ్యాయి. 90 పాళ్లు ప్లాటినం, 10 పాళ్లు ఇరిడియం కలిసిన లోహం. స్థూపం ఎత్తు, వ్యాసం రెండూ దాదాపు 39 మిల్లీమీటర్లే. అరచేతిలో ఇమిడిపోతుంది. మన దేశం 1957లో ఈ ఒడంబడికలో చేరింది.

బరువు తగ్గిందెవరు?

సేవ్ర్‌లో అసలు స్థూపానికి తోడుగా ఆరు అధికార నకళ్లు కూడా ఉన్నాయి. 1946 ప్రాంతంలో ఒకసారి, 1989 ప్రాంతంలో మరోసారి అన్నింటినీ బయటకు తీసి, కడిగి, ఒకదానితో ఒకటి పోల్చారు. నూరేళ్లలో నకళ్లకూ అసలుకూ మధ్య సగటున సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. చాలా నకళ్లు అసలుకంటే కాస్త బరువెక్కినట్టు కనిపించాయి. 50 మైక్రోగ్రాములంటే ఒక సన్నని ఇసుక రేణువంత. కందిపప్పుకు ఇది లెక్కలోది కాదు. కాని ద్రవ్యరాశి మీద ఆధారపడ్డ కొలతలు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. న్యూటన్, జౌల్, వాట్, పాస్కల్, అన్నింటిలోనూ కిలోగ్రాము ఉంది. పునాదిరాయి కదిలితే పైన గోడ కదలదా?

ఇంతకూ నకళ్లు బరువెక్కాయా, అసలు తగ్గిందా? మామూలు బుద్ధికి రెండూ సాధ్యమే. గాలిలోని మలినాలు లోహానికి అంటుకోవచ్చు. కడగడంలో లోహం రవంత అరిగిపోవచ్చు. అయితే నిర్వచనం ప్రకారం మాత్రం అసలు స్థూపం ఎప్పటికీ సరిగ్గా ఒక కిలోగ్రామే! అది తగ్గడానికి వీల్లేదు. ఎవరో పొరపాటున దాన్ని గీరి ఒక ముక్క ఊడగొట్టారనుకోండి. అప్పుడు కూడా అది కిలోగ్రామే. ప్రపంచంలోని ఏనుగులు, ఓడలు, కొండలు, నక్షత్రాలు అన్నీ ఆ క్షణాన బరువెక్కాయని రాసుకోవాలి. దానిమీద దుమ్ము పడితే విశ్వమంతా తేలికైపోయిందని రాసుకోవాలి. నాకు తెలిసినంతలో కొలతల చరిత్రలో దీన్ని మించిన తమాషా లేదు.

దుమ్ము బాధ తప్పించుకోవడానికి, స్థూపాన్ని ఈథరు, ఆల్కహాలు తడిపిన మెత్తని తోలుతో తుడిచి, ఆవిరితో కడిగిన వెంటనే ఉన్న ద్రవ్యరాశినే కిలోగ్రాముగా లెక్కించాలని 1989లో వివరణ ఇచ్చారు. నిర్వచనంలోకి స్నానం కూడా వచ్చిందన్నమాట!

ఈ చిక్కును ఒక తత్వవేత్త మీటరు కడ్డీ విషయంలో ముందే ఎత్తి చూపాడు. ఆయన ఆస్ట్రియాలో పుట్టిన విట్గెన్‌స్టైన్. ఆయన మరణించాక 1953లో వెలువడిన పుస్తకంలో, పారిస్‌లోని ప్రమాణపు మీటరు కడ్డీని గురించి మాత్రం అది మీటరు పొడవుందనీ అనలేం, లేదనీ అనలేం అన్నాడు. తత్వవేత్తలు దీనిమీద ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మట్టుకు నాకు ఇందులో మాయ ఏమీ కనిపించదు. కొలిచే బద్ద పని వేరు, కొలవబడే వస్తువు పని వేరు. ఒకే కడ్డీ ఒకేసారి రెండు పనులూ చెయ్యలేదు. కోర్టులో జడ్జి తన కేసు తానే విచారించుకోకూడదు, చూడండి, అలాంటిదే ఇది.

వస్తువును విడిచిపెట్టడం

మీటరుకు ముందే విముక్తి దొరికింది. 1960లో క్రిప్టాన్-86 పరమాణువు వెలువరించే ఒకానొక కాంతి తరంగదైర్ఘ్యంతో దాన్ని నిర్వచించారు. 1983లో మళ్లీ మార్చి, శూన్యంలో కాంతి సెకండులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరమే మీటరు అన్నారు. కడ్డీ పదవి పోయింది.

కిలోగ్రాము మాత్రం ఒంటరిగా వస్తువునే అంటిపెట్టుకుని మిగిలింది. కాంతి లాంటి ఆధారం ద్రవ్యరాశికి ఏది? ప్లాంక్ స్థిరాంకం. కాంతి శక్తి చిన్న చిన్న పొట్లాలుగా వస్తుందనీ, ఒక్కో పొట్లంలోని శక్తి దాని పౌనఃపున్యాన్ని ఈ స్థిరాంకంతో గుణిస్తే వస్తుందనీ పై తరగతుల్లో చదువుతారు. శక్తికీ ద్రవ్యరాశికీ సంబంధం ఉందని ఐన్‌స్టైన్ చూపాడు. అంటే ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం, సెకండు, ఈ మూడూ ఖాయమైతే ద్రవ్యరాశికి ప్రమాణం దొరికినట్టే.

కాగితం మీద బాగానే ఉంది. కొట్టులో రాయి దాకా దించేదెట్లా? దానికి బ్రయన్ కిబుల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1975లో ఒక త్రాసు ఆలోచన చెప్పాడు. ఒకవైపు తూచవలసిన రాయి. రెండోవైపు రాయి బదులు, అయస్కాంత క్షేత్రంలో వేలాడే తీగచుట్ట. తీగలో విద్యుత్తు ప్రవహిస్తే దానిమీద బలం పనిచేస్తుందని మీరు మోటారు పాఠంలో చదివారు. ఆ బలం రాయి భారంతో సమానమయ్యేవరకు విద్యుత్తును సరిచేస్తారు. తరువాత రాయి తీసేసి, అదే తీగచుట్టను తెలిసిన వేగంతో కదిలించి, అందులో పుట్టే వోల్టేజిని కొలుస్తారు. ఇది డైనమో పాఠం. ఈ రెండు కొలతలనూ జోడించి, ఆ చోటి గురుత్వ త్వరణం తెలుసుకుంటే రాయి ద్రవ్యరాశి వచ్చేస్తుంది. ఆ విద్యుత్ కొలతలు ప్లాంక్ స్థిరాంకంతో ముడిపడి ఉంటాయి. పదో తరగతిలోని మోటారు, డైనమోలు కలిసి కిలోగ్రామును తూచాయంటే నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

పూర్తిగా వేరే దారిలో మరికొందరు నడిచారు. సిలికాన్-28తో దాదాపు 9.4 సెంటీమీటర్ల వ్యాసం గల నున్నని గోళం చేసి, అందులోని పరమాణువుల సంఖ్యను లెక్కగట్టారు. రెండు దారులూ పదికోట్ల వంతుల్లో కొద్ది వంతుల తేడాలో ఒకే సమాధానానికి చేరాకనే ప్రపంచ దేశాలు ధైర్యం చేశాయి. 2018 నవంబరు 16న వెర్సాయిలో ఓటు వేశాయి. 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం విలువను శాశ్వతంగా ఖాయం చేశాయి. దశాంశ బిందువు తరువాత 33 సున్నాలు పెట్టి, ఆ పక్కన 662607015 అని రాయండి. అన్ని జౌల్-సెకండులు. కిలోగ్రాము ఇప్పుడు ఆ సంఖ్యలో ఉంది. దానికి దుమ్ము పట్టదు, ఎవరూ దొంగిలించలేరు. ఢిల్లీలో అయినా, చంద్రుని మీద అయినా, సరైన సాధనం ఉన్నవాళ్లెవరైనా సేవ్ర్‌కు టికెట్టు కొనకుండానే కిలోగ్రామును తయారుచేసుకోవచ్చు.

ఇక్కడ చురుకైన విద్యార్థి ఒకరు చెయ్యి ఎత్తుతారు. "ఇదివరకు స్థూపాన్ని తూచలేమన్నారు. ఇప్పుడు ప్లాంక్ స్థిరాంకాన్ని కొలవలేం, ఎందుకంటే ఖాయం చేసేశారు. జబ్బు ఒక చోటునుంచి మరో చోటుకు మారిందే గాని నయం కాలేదు కదా?"

ప్రశ్న బాగుంది. సగం నిజం కూడా. ఏ గొలుసుకైనా ఒక చివర ఉంటుంది, అక్కడ "ఇది ఇంత" అని ఒప్పుకోవలసిందే. 1983 నుంచి కాంతి వేగాన్ని కొత్తగా కొలిచేవారు లేరు. అలా కొలవబోతే చివరకు మీటరును సరిచూసినట్టే అవుతుంది. అయితే గరిమనాభి దగ్గర గుర్తుంచుకోమన్న తేడా ఇక్కడ పనికొస్తుంది. సంఖ్యను నిర్ణయించింది మనమే, ప్రకృతి ప్రవర్తనను మాత్రం మనం నిర్ణయించలేదు. స్థూపం ఒకచోట ఉన్న ఒకే వస్తువు. అది మారితే పట్టుకోవడానికి సాక్షి లేడు, ఉన్న సాక్షులు దాని నకళ్లే. ప్లాంక్ స్థిరాంకం మోటారులోనూ, సిలికాన్ పరమాణువులోనూ, మీ ఇంటి దీపం కాంతిలోనూ ఉంది. మన అవగాహనలో ఎక్కడైనా లోపముంటే, త్రాసు దారీ గోళం దారీ రెండు వేర్వేరు సమాధానాలు చెబుతాయి. అప్పుడు తప్పు దాగదు. తప్పు బయటపడే అవకాశం ఉండటమే ఇక్కడ కలిసొచ్చిన లాభం.

మన పాత స్థూపం ఏమైంది? ఎవరూ కరిగించలేదు. ఇప్పటికీ సేవ్ర్‌లోనే, ఆ గాజు బుడ్ల కిందే భద్రంగా ఉంది. 2019 మే 20న అది నిర్వచనం పదవి నుంచి దిగి, అన్నింటిలాగే ఒక వస్తువైంది. ఇప్పుడు "దాని బరువెంత?" అని నిక్షేపంగా అడగవచ్చు. కొత్త నిర్ణయం అమలులోకి వచ్చిన రోజున అది ఒక కిలోగ్రాము, అటో ఇటో 10 మైక్రోగ్రాముల అనిశ్చితితో. ఇకమీదట దాని ద్రవ్యరాశి ఎంతో చెప్పాలంటే, మీ కొట్టులోని రాయికి చేసినట్టే, త్రాసులో పెట్టి చూసి చెప్పాలి.